వాగులో పోసిన ఉప్పు

అడుగున ఉప్పు పలుకులేమీ మిగల్లేదని చేత్తో కలియబెట్టి చూసుకుని, ధనుంజయ్ బకెట్టును వాగు ఒడ్డున దించాడు. ప్యాంటు మోకాళ్లదాకా మడిచాడు. కాళ్లు సన్నం. పాదాలు మాత్రం ఏళ్ల తరబడి నీళ్లలో నాని వెడల్పయ్యాయి. తడి ఉప్పు తూకంలో మోసం చేస్తుందని ఆయన భార్య సరిత దాన్ని ముందురోజే ఎండబెట్టి, మూకుడులో వెచ్చచేసి, చల్లారాక తూచి, కవరుకు రబ్బరు బ్యాండు వేసి ఇస్తుంది.

పెన్‌పహాడ్ దగ్గరి ఈ చిన్న వాగే ఆయన చదువంతా. పైన ఉప్పునీళ్లు పోసి, కింద మీటరు పెట్టి, ఉప్పు ఎంత పలచబడిందో చూస్తాడు. ఎంత పలచబడితే అంత ఎక్కువ నీరు పారుతున్నట్టు. పై పొలాల్లో ఇంకిన కాలువ నీరు నేల కిందుగా నడిచి వాగును చేరుతుందా, చేరితే ఎప్పుడు? కోదాడలో లెక్చరరుగా చేరిన నాడు పట్టుకున్న ఈ ప్రశ్నను సూర్యాపేట కాలేజీకి మారినా వదల్లేదు. మిర్యాలగూడలో రైసుమిల్లు నడిపే అన్న దశరథ కలిసినప్పుడల్లా అదే మాట అంటాడు.

"వడ్లు జోకే ఇంట్ల పుట్టి నీళ్లు జోకుతున్నవ్ రా. ఏ బస్తాలకెత్తుతవ్?"

ధనుంజయ్ నవ్వి ఊరుకుంటాడు. వెనక చేరినవాళ్లు ప్రొఫెసర్లయినప్పుడూ అట్లాగే ఊరుకున్నాడు. వచ్చేవారం ఆయనకూ ఇంటర్వ్యూ ఉంది. రిటైరయ్యేలోగా అదే చివరి అవకాశం. ఎండాకాలంలో ఆ కాలువ నీరు వాగుదాకా రాదని తేల్చిన పరిశోధన పేపరే ఆయనకున్న బలం.

బండి పంక్చరై ఈరోజు ఆలస్యంగా వచ్చాడు. మీటరు నీళ్లలో పెట్టి చూస్తే అంకె పైకి పోతోంది. ఆయనింకా ఉప్పు పోయనే లేదు. మీటరు తుడిచి మళ్లీ పెట్టాడు. ఆగలేదు. నీళ్లకు ఎదురుగా నడుచుకుంటూ మలుపు తిరిగాడు.

గొర్లకాపరి ఉప్పలమ్మ నడుముదాకా వంగి, దోసిళ్లతో ఉప్పు వాగులో పోస్తోంది. చుట్టూ మంద.

"మీరు పోసేది మా గొర్లకే గద సారు," అందామె నిటారుగా లేచి. "ఇంత మందకు మీ ఉప్పు ఏం సాలుతది? మీరు వచ్చినప్పుడల్ల నేను గూడ జర పోస్తున్న. ఇయ్యాల మీరు రాకపోతిరి, నేనే ముందు పోసిన."

"ఎప్పటి సంది పోస్తున్నవ్?"

"రెండెండకాలాలాయె." ఆయన ముఖం చూసి ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంది. "తప్పయిందా సారు?"

"నీ తప్పేం లేదు. ఉప్పెందుకో నీకు నేనే చెప్పలే."

చెప్పాడు, తీరిగ్గా, క్లాసులో చెప్పినట్టే. ఆమె మందను అవతలికి తోలింది. ఆయన బండికి కట్టి తెచ్చిన మడత కుర్చీ నీటి పక్కన వేసుకుని, ఉప్పంతా పోయి మీటరు కుదురుకునే దాకా ఎండలో కూర్చున్నాడు. అప్పుడు బకెట్టు వంచి, మళ్లీ కొలిచి, లెక్క వేశాడు. పేపరులో రాసినదానికంటే వాగులో నీరు చాలా ఎక్కువ ఉంది. ఆమె ఉప్పు కూడా కలిసి, పలచబడటం తక్కువగా కనిపించి, ఇన్నాళ్లూ నీరు తక్కువని తేలింది. ఆయన పెదవులు ఒకటి రెండుసార్లు కదిలాయి. తర్వాత నవ్వాడు.

పేపరులో తనతోపాటు పేరున్న పాత విద్యార్థిని రూపకు ఫోన్ చేసి, దాన్ని వెనక్కి తీసుకుందామన్నాడు.

"ఇంటర్వ్యూ అయినంక తీసుకుందాం సార్. ఒక్క వారమే గద."

"తెలిసినంక గూడ అది ముందల పెట్టుకొని ఎట్ల కూసుంటనమ్మా? ఇయ్యాలనే లెటర్ పంపు. నీళ్లయితే వస్తున్నయి. ఎక్కడికెల్లి వస్తున్నయో మొదటి నుంచి చూద్దాం."

సోమవారం మళ్లీ వస్తానని ఉప్పలమ్మతో చెప్పాడు. కుర్చీని మోసుకుపోయి మోసుకురావడం ఎందుకని అక్కడే ఉంచాడు.

ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని కునుకు తీసిన మనిషి లేవలేదు. సరిత టీ పట్టుకుని వెళ్లి రెండుసార్లు పిలిచింది. అప్పటికే వెచ్చచేసిన ఉప్పు వంటింట్లో పళ్లెంలో చల్లారుతోంది.

ఉప్పలమ్మకు ఎవరూ కబురు చెప్పలేదు. సోమవారం ఆమె మందను వాగుకు దూరంగా ఆపి, పొద్దెక్కేదాకా దారివంక చూసింది. మలుపు కింద, కాళ్లు ఇసుకలోకి కాస్త దిగబడి, మడత కుర్చీ నీళ్లవైపు తిరిగి ఉంది.