తొమ్మిది వందల బొంతలు

గోదావరిఖనిలో ఇన్‌కం ట్యాక్సంటే బొగ్గుబాయి కార్మికుడి జీతంలోంచి కంపెనీ కోసుకునేది. దాన్ని తిట్టడానికి యూనియన్లున్నాయి, గేటు మీటింగులున్నాయి. ఇంట్లో కూర్చుని బొంతలమ్ముకునే ఆడమనిషికి ట్యాక్సాఫీసు నుంచి ఉత్తరం వస్తుందని మాత్రం కాలనీలో ఎవరూ కలలో కూడా అనుకోలేదు. 2011లో శోభకు వచ్చింది. పోస్ట్‌మన్ సంతకం పెట్టించుకుంటుంటే చుట్టుపక్కల నాలుగు క్వార్టర్ల వాళ్లు బయటికొచ్చి చూశారు.

శోభ భర్త సదానందం గనిలో పైకప్పు కూలకుండా దన్నులు పెట్టే పనివాడు. శోభ డిగ్రీ చదివి, కొలువు దొరక్క, మూడేళ్ల కింద ఒక కంప్యూటరు కొన్నది. హైదరాబాదులో ఒకతనికి డబ్బిచ్చి వెబ్‌సైటు చేయించి, చేతికుట్టు బొంతల ఫొటోలు పెట్టింది. "బొంతను కంప్యూటర్ల కొనేటోడు ఎవడే?" అని సదానందం పగలబడి నవ్వాడు. రెండు నెలలు అతని మాటే చెల్లింది. ఆ తర్వాత బెంగళూరు నుంచి ఒకావిడ పసిపిల్ల కోసం ఒకటి అడిగింది. మరుసటి ఏడు మొత్తం తొమ్మిది వందలు అమ్ముడుపోయాయి.

కుట్టింది పన్నెండు మంది ఆడవాళ్లు. అందరూ మొగుళ్లను బాయిలో పోగొట్టుకున్నవాళ్లే. పోయినవాళ్ల ఇంట్లో ఒకరికిచ్చే ఉద్యోగం బదులు కంపెనీ నెలనెలా ఇచ్చే డబ్బుతో బతుకుతున్నారు. సోమవారం సోమవారం వచ్చి గుడ్డ, దూది తీసుకుపోయేవారు. కుట్టిన బొంత తెచ్చి, నాలుగు వందలు చేతిలో పడగానే కొంగుకు ముడేసుకునేవారు. శోభ ఒక నోటుబుక్కులో లెక్క రాసుకునేది కానీ ఎవరి సంతకమూ అడగలేదు. ఆ కాలనీ ఆడవాళ్ల మధ్య చేతికిచ్చిన కూలికి సంతకం అడగడమంటే, నిన్ను నమ్మడం లేదని మొహాన చెప్పడమే. అంత మాట ఎవరంటారు?

ఉత్తరం పట్టుకుని ఆమె గోపాలరావు దగ్గరికి పోయింది. ఆయన తండ్రి ఎప్పుడో తెనాలి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. ఊళ్లో దుకాణాల వాళ్లందరి పన్ను లెక్కలూ చూసేది గోపాలరావే. బ్యాంకు లోను కోసం శోభ రిటర్ను వేయించిందీ ఆయనతోనే.

"ముందు భయపడకండమ్మా," అన్నాడాయన. "మీ ఖాతాలో దగ్గర దగ్గర పది లక్షలు పడ్డాయి, నిజమే. అదంతా మీ ఆదాయం కాదు. వ్యాపారం కోసం పెట్టిన ప్రతి ఖర్చూ అందులోంచి తీసెయ్యొచ్చు. గుడ్డ, దూది, కొరియరు, ఇంటర్నెట్టు, చివరికి వెబ్‌సైటు అద్దె కూడా. అన్నీ పోగా మీకు మిగిలింది లక్షా డెబ్బై వేలు. దానిమీద పన్నే లేదు."

శోభకు ప్రాణం లేచి వచ్చింది. "మరింకేంది సార్?"

"కూలి. మూడు లక్షల అరవై వేలు ఇచ్చామని రాశాం. దానికి కాగితమేది?"

శోభ నోటుబుక్కు చూపించింది. ఆయన పేజీలన్నీ ఓపికగా తిప్పాడు.

"ఇది మీరు రాసుకున్నది. తీసుకున్నవాళ్లు చెప్పాలి కదా! పేరు, చిరునామా రాసి, ఇంత కూలి ముట్టిందని ఒక్కొక్కరి చేత సంతకమో వేలిముద్రో వేయించండి. చాలు."

"ఎయ్యకపోతే?"

"ఆ డబ్బు ఎవరికీ ఇవ్వలేదు, మీరే ఉంచుకున్నారంటారు. వడ్డీతో కలిపి పన్ను ఎనభై వేలు దాటుతుంది."

శోభ దగ్గర ఎనభై వేలు లేకపోలేదు. సకల జనుల సమ్మెలో సదానందానికి నెల రోజులకు పైగా జీతం లేక, దాచిందంతా ఇంట్లోకే పోయింది. మిగిలింది గుడ్డ కొనడానికి తిప్పుకునే డబ్బు. అది పన్నుకు పోతే మరుసటి సోమవారం ఆడవాళ్లకు ఇవ్వడానికి గజం గుడ్డ ఉండదు. బొంతల పని అక్కడితో సరి.

మర్నాడే కాగితాలు రాయించుకుని ముందు ఐలవ్వ ఇంటికి పోయింది. అందరిలోకి పెద్దది, అందరికంటే సన్నగా కుట్టేది ఐలవ్వే. ఆమె ఒప్పుకుంటే తక్కిన పదకొండు మందీ ఒప్పుకున్నట్టే.

"గిదేంది బిడ్డా?"

"నీకు కూలి ముట్టిందని రాసిన్నవ్వా. గీడ ముద్ర వెయ్యాలె."

ఐలవ్వ చెయ్యి ముందుకొచ్చి ఆగిపోయింది. "కంపెనోళ్లు సూస్తరా?"

"కంపెనీకి సంబంధం లేదు. ట్యాక్సాఫీసుకు."

"ఇద్దరూ కాగితాలోళ్లే గదనే. మా ఇంటాయన మొగిలి బాయిల సచ్చిపోయినప్పుడు నాకు ఇంకో ఆధారం లేదని ముద్రేసి గా పైసలు తీసుకుంటున్న. ఇప్పుడు నీకాడ కూలి తీసుకున్ననని ముద్రేస్తే, రెండు ముద్రలు ఒక్కకాడ పెట్టి సూడరా?"

"అట్లేం కాదవ్వా."

"కాదని నువ్వు రాసిస్తవా?"

శోభ రాసివ్వలేదు. ఆమెకే తెలియదు. కంపెనీకి ఏదో కాగితం ఆలస్యంగా ఇచ్చి, ఆ పన్నెండు మందిలోని కనకవ్వ మూడు నెలలు ఆ డబ్బు లేకుండా ఎట్లా ఈడ్చిందో కాలనీ అంతా చూసింది. సదానందం యూనియన్ ఆఫీసులో అడిగొస్తే వాళ్ల జవాబు ఇంకా అందంగా ఉంది. "ఏం గాదే. అయినా గట్ల రాసియ్యకుంటెనే మంచిది."

"తప్పనుకోకు బిడ్డా," అంది ఐలవ్వ ఏడుపు గొంతుతో. "ముద్ర మాత్రం ఎయ్య. కని ఆఫీసరు పిలిచి అడిగితే అబద్ధం చెప్పుడు నాతోని కాదు. ఉన్నది చెప్త. తర్వాత ఎట్లయితే గట్లయితది."

తక్కిన పదకొండు మందీ అదే మాట అన్నారు. ఒకరిద్దరు ఆ వారం గుడ్డ కోసం కూడా రాలేదు.

"పన్నెండు ముద్రలే గద," అన్నాడు సదానందం అన్నం ముందు కూర్చుని. "నా పది వేళ్లు, నీ రెండు వేళ్లు." శోభ నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. అతను కంచం పక్కకు నెట్టి, "ఊకో, ఊకో," అంటూ ఉండిపోయాడు.

వాయిదాలు పడీ పడీ చివరి విచారణ మరుసటి సంవత్సరం డిసెంబరుకు వచ్చింది. గోపాలరావు, శోభ కరీంనగర్ బస్సెక్కారు. అధికారి కసురుకునే రకమైతే బాగుండేది, తిట్టుకోవడానికైనా వీలుండేది. ఆయన శోభను కూర్చోమన్నాడు, మంచినీళ్లు ఇప్పించాడు. కొరియరు రసీదులు, గుడ్డ బిల్లులు వరుసగా చూసి అన్నిటికీ టిక్కు పెట్టాడు.

"లెక్క చక్కగా ఉందమ్మా. ఈ కూలి ఒక్కటే. కాగితం లేకపోయినా ఫరవాలేదు, ఒకరిద్దరి పేర్లు చెప్పండి. పిలిపించి అడుగుతాను. అవునంటే మొత్తం ఒప్పుకుంటాను."

గోపాలరావు ఆమె వైపు ఆశగా తిరిగాడు. ఇంతకంటే మంచి అవకాశం రాదని ఆయన మొహమే చెబుతోంది.

ఐలవ్వ పేరు నాలుక చివరిదాకా వచ్చింది. ఒక్క పేరు. ఐలవ్వ వస్తుంది, ఈ కుర్చీలోనే కూర్చుంటుంది, భయపడుతూనే ఉన్నది ఉన్నట్టు చెబుతుంది. అక్కడ రాసుకున్నది కంపెనీ దాకా పోతుందో పోదో శోభకు తెలియదు. పోతే ఆ ముసలిది ఏం తిని బతుకుతుంది? ఆ క్షణంలో శోభకు ఐలవ్వ మీద పట్టరాని కోపం వచ్చింది. ఇన్నేళ్లు తన చేతి డబ్బు తీసుకుని ఒక్క వేలు ముందుకు చాపలేదే అని. ఆ కోపం ఉండగానే నోరు తెరిచింది.

"ఎవ్వలు లేరు సార్. కూలని ఊరికే రాయించిన. అన్నీ నేనే కుట్టిన."

అధికారి కళ్లద్దాలు తీశాడు. "తొమ్మిది వందల బొంతలా? ఏడాదిలో? ఒక్కరే?"

"ఒక్కదాన్నే."

"అమ్మా, ఆలోచించి చెప్పండి. ఇది నేను రాసుకోవాలి."

"రాసుకోండి సార్."

ఆయన రాసుకున్నాడు. శోభ కింద సంతకం పెట్టింది. ఆ వ్యాపారంలో మొదటిసారి కూలి గురించి ఒక కాగితం పుట్టింది, అది కూడా కూలి లేదని.

తిరుగు బస్సులో గోపాలరావు తల పట్టుకున్నాడు. "ఎంత పని చేశారమ్మా! మీ నోటితో మీరే చెప్పాక అప్పీలుకు కూడా దారి లేదు." శోభకు మంచి పని చేశానన్న తృప్తి కూడా రాలేదు.

ఎనభై రెండు వేలు కట్టింది. అడ్వాన్సులు పంపిన ముగ్గురికి డబ్బు వాపసు వేసింది. వెబ్‌సైటు అద్దె గడువు ఆ నెలాఖరుతో తీరింది. కట్టలేదు.

సోమవారం ఐలవ్వ సంచితో వచ్చింది. శోభ తలుపు దగ్గరే నిలబడి గుడ్డ లేదని, పని ఆపేశానని చెప్పింది.

ఐలవ్వ మొహం పాలిపోయింది. "మేం ముద్ర ఎయ్యలేదని గాదు గద బిడ్డా?"

"ఛ, గదేం లేదవ్వా. బేరాలు వస్తలేవు."

"నిజంగనా?"

"నీ మీదొట్టు."

ఐలవ్వ గడప మీద కూలబడి, కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "అమ్మయ్య! ఇప్పుడు నా పానం నిమ్మళమైంది. మా వల్ల నీ కడుపు కొట్టినమేమోనని నువ్వు కరీంనగర్ పోయొచ్చినప్పటి సంది బువ్వ పోతలేదు. బేరాలదేముంది బిడ్డా, మళ్ల వస్తయి. వచ్చినంక కబురు పెట్టు, ముందు నాకే ఇయ్యాలె."

"నీకే ఇస్తనవ్వా," అంది శోభ.

ఐలవ్వ తేలికపడ్డ మనసుతో లేచి, ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని, పక్క లైనులో కనకవ్వకు కూడా ఈ చల్లటి మాట చెప్పాలని గబగబా నడిచిపోయింది.