తోరికా పెద్దమ్మను పొగిడిన పోస్టరు

ఫిజీ దేశంలో సువా మార్కెట్‌కి లారీలు వచ్చే వేళకి కెలెరా అక్కడ ఉండాలి. తడిమట్టి అంటిన దాలో చేమదుంపల బస్తాలు దించి, పెద్దమ్మ బల్ల మీద కుప్పలు పోసి, చేతులు కడుక్కుని యూనివర్సిటీ బస్సెక్కుతుంది. మార్కెటింగ్ డిగ్రీ ఆఖరి ఏడు. క్లాసులయ్యాక సూపర్ మార్కెట్లో అరలు సర్దే పని. వినియోగదారుడి కోరికల మీద లెక్చరు వింటూ, తనకి ఒకే ఒక్క కోరిక ఉందని, అది నిద్ర అని అనుకునేది.

పెద్దమ్మ పేరు తోరికా. కడవు దీవి నుంచి వచ్చిన ఆ ఇంటివాళ్ళ సరుకుకి ఒక గుణం ఉంది. పొగిడితే చిక్కిపోతుంది, తీసిపారేస్తే పెరుగుతుంది. మార్కెట్టంతా ఎరిగిన సంగతే. కొనేవాళ్ళు కుప్ప ముందు నిలబడి "ఇవీ ఒక దుంపలేనా, పందులైనా ముట్టవు" అని పెదవి విరిచేవారు. దుంపలు తగినంత ఉబ్బాక సంచిలో వేసుకుని పోయేవారు. పక్క బల్ల మీద మిరపకాయలమ్మే రామ్‌రఖా అయితే తను కొన్న దుంపని బస్టాండు దాకా తిట్టుకుంటూ నడిచేవాడు.

ఆ ఏడు ప్రతి విద్యార్థీ ఒక చిన్న వ్యాపారిని ఎంచుకుని ప్రచారం చేసి పెట్టాలి. అందరికన్నా బాగా చేసినవాళ్ళకి ఒక పెద్ద కంపెనీలో ఉద్యోగం. కెలెరాకి ఆ ఉద్యోగం కావాలి. అది వస్తే పెద్దమ్మ బస్తాల జోలికి పోనక్కర్లేదు, తను కంటినిండా పడుకోవచ్చు.

సరుకుని పొగిడితే మొదటికే మోసం. అందుకని సరుకు ఊసెత్తకుండా మనిషిని పొగిడింది. పెద్దమ్మ నవ్వుతున్న ఫొటో, కింద "సువాలో ఇంత చల్లని మనిషి లేదు" అని ఒక మాట. పొగిడితే మనిషికి ఏమవుతుందో పిల్లకి తెలియదు. తెలిసే దారీ లేదు. ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ పొగిడిన పాపాన పోలేదు.

పోస్టరు ఫోన్లన్నీ తిరిగింది. బస్టాపుల్లో అతికించారు. జనం వచ్చి పెద్దమ్మ పక్కన నిలబడి ఫొటోలు దిగి, ఆమెను ఆకాశానికెత్తేశారు. ముందు ఆమె గౌను నేల మీద జీరాడింది. తర్వాత బల్ల మీదికి చెయ్యి అందలేదు. రామ్‌రఖా ఒక సోడా పెట్టె తెచ్చి ఆమె కాళ్ళ కింద వేశాడు. కొన్నాళ్ళకి దాని మీద ఇంకొకటి వేశాడు.

"ఆ బొమ్మ తీసెయ్యి తల్లీ," అన్నాడు కెలెరాతో.

"నేను పెట్టింది తీసేశా బాబాయ్. జనం దగ్గరున్నది ఎలా తీయను?"

ఇద్దరూ కూర్చుని పెద్దమ్మని తిట్టి చూశారు. ఊరంతా పొగుడుతుంటే ఇద్దరి తిట్లు ఏ మూలకి?

"నేనెంత ఉంటే ఏంటే? నీ చదువు కానీ ముందు," అంది పెద్దమ్మ పెట్టెల మీంచి. "చోటు కలిసొస్తుంది."

ప్రెజెంటేషన్ నాటికి ఆమె అయిదేళ్ళ పిల్లంత అయింది. పోస్టరులో మనిషి కూడా రావాలని రూలు పెట్టారు గనక, కెలెరా ఆమెను చంకనెత్తుకుని వెళ్ళింది. హాలు నిండిపోయింది. అక్కడ జరిగేదంతా ఫోన్లలోనూ వస్తోంది. ముందు వరసలో కంపెనీ వాళ్ళు కూర్చున్నారు.

"ఈ తల్లి మన సువాకే గర్వకారణం," అని లెక్చరర్ దీప్తా చంద్ మైకులో అంది. అందరూ చప్పట్లు కొట్టారు. కెలెరా చంకలో బరువు తగ్గింది. పెద్దమ్మ చెప్పులు జారి కిందపడ్డాయి.

"ఎల్లుండి నుంచి ప్రతి బస్సు మీదా ఈవిడే," అన్నాడు కంపెనీ ఆయన సంతోషంగా.

ఇంకో మంచిమాట పడితే మనిషి మిగలదు. కెలెరా రాసుకొచ్చిన ఉపన్యాసం మొదలయ్యేదే మంచిమాటతో. ఆమెకి నిలబడే ఓపిక కూడా లేదు. నేల మీద కూర్చుంది. చంటిపిల్లంతైన పెద్దమ్మని ఎదురుగా తన కండువా మీద దించింది. కడవులో పెద్దల ముందు కానుక పెట్టేటప్పుడు కొట్టినట్టు, అరచేతులు దొప్పల్లా చేసి మెల్లగా చప్పట్లు కొట్టింది. కానుక ఎంత గొప్పదైనా కొంచెమనే చెప్పాలి. ఆ మాటలు ఆమె చిన్నప్పటి నుంచి విన్నవే.

"అయ్యా, అమ్మా, మీ ముందు పెట్టడానికి మా దగ్గర చెప్పుకోదగ్గదేమీ లేదు. ఉన్నది ఈ ముసలమ్మే. ఎందుకూ కొరగాదు. గురక పెడుతుంది. బేరమాడ్డం రాదు, అడిగినవాళ్ళకల్లా రెండు దుంపలు ఎక్కువేస్తుంది."

వెనక వరసల్లో ఒకరిద్దరు ఔనన్నట్టు అదే తీరున చప్పట్లు కలిపారు. పెద్దమ్మ పాదాలు గౌను అంచులోంచి బయటికొచ్చాయి.

"నన్ను కడవు నుంచి తెచ్చుకుంది. సరిగ్గా పెంచలేకపోయింది, చూస్తున్నారుగా. చదివించింది, అదీ అబ్బలేదు." కెలెరా పెద్దమ్మ గౌను అంచు సర్దింది. "తిండి ఒక్కరికే ఉన్న రోజున, తను మార్కెట్లో తినేశానని చెప్పేది. ఆ అబద్ధమైనా నమ్మేలా చెప్పడం రాదు. ఇంతకన్నా మంచిది తేలేకపోయాం. తప్పుగా అనుకోక తీసుకోండి."

హాలంతా చప్పట్లు కలిపింది. అక్కడ మార్కెట్లో రామ్‌రఖా ఫోను ఎత్తిపట్టుకుంటే, బల్లల వెనక ఆడవాళ్ళందరూ కలిపారట. చప్పట్లు ఆగేసరికి పెద్దమ్మ తన గౌనులో తను నిండుగా కూర్చుని, కాళ్ళు తిమ్మిరెక్కాయని విసుక్కుంటోంది.

దీప్తా చంద్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "మనసుకి తగిలిందమ్మా. కానీ దీన్ని ప్రచారం అనలేను. మార్కులు వెయ్యలేను. ఈ పేపరు మళ్ళీ చదవాలి నువ్వు."

"చదువుతా మేడమ్."

ఉద్యోగం ఇంకెవరికో వెళ్ళింది. తిట్లు పడ్డ మొహాన్ని ఏ బస్సు మీదా అతికించలేదు.

ఇంటికెళ్ళేటప్పుడు కెలెరా పుస్తకాల సంచి పెద్దమ్మే మోసింది. బస్సులో పక్కపక్కన కూర్చున్నారు.

"గురక సంగతి ఊరంతటికీ చెప్పాలా?" అంది పెద్దమ్మ.

"నోటికొచ్చింది చెప్పా."

పెద్దమ్మ సంచి ఒళ్ళో సర్దుకుంది.

"తిండి సంగతి నీకెప్పుడు తెలిసింది?"

"మొదటి రోజే."

"మరి మాట్లాడకుండా తిన్నావేమే?"

"నేను తినకపోతే నువ్వు ఏడ్చేదానివి."

 పెద్దమ్మ కెలెరాని దగ్గరికి లాక్కుంది. ఆమె భుజం సరిగ్గా తల ఆనేంత ఎత్తులో ఉంది. కెలెరా తల ఆనించి నిద్రపోయింది.