తెగిన మెట్టె

నేను ఒక వెండి మెట్టెను. చీరాల కంసాలి ఒకే తీగను తుంచి నన్నూ నా జతనూ చుట్టాడు. పెళ్లిలో వీరరాఘవులు మమ్మల్ని మంగతాయారు వేళ్లకు తొడిగాడు. ఆమె గుంటమగ్గంలో కూర్చుని నేస్తుంటే ఒక కాలు కిందికి, ఒక కాలు పైకి. అలా మేమిద్దరం దాటుకుంటూ పలకరించుకునేవాళ్లం. ఎప్పటికైనా విడిపోతామేమోనని నాకు అప్పుడే బెంగ.

మంగతాయారు కడుపుతో ఉన్న ఏడో నెలలో నేను బిగిసిపోయాను. వేలి కండ నా మీదికి పొంగింది. అందరికంటే ముందు నాకే తెలిసింది, కానీ నాకు నోరేదీ?

"తల పగిలిపోతోంది అత్తా. కాళ్లు చూడు, ఎట్లా ఉబ్బినయ్యో."

"కడుపుతో ఉన్నది నువ్వయితే నాకు వాస్తయ్యా కాళ్లు? తెగ తాగుతున్నవుగా, ఆ నీళ్లే దిగినయి" అని అత్త రత్తమ్మ నీళ్లబిందెను తన మంచం పక్కకు మార్చుకుంది. ప్రేమతోనే. మనుషులు ప్రేమతో చేసే పనులంటే నాకు కొంచెం భయం.

ముఖం కూడా ఉబ్బి, కళ్ల ముందు మెరుపులు కనిపించాక ఆసుపత్రికి తీసుకెళ్లారు.

"బీపీ పెరిగి మూత్రపిండాలు దెబ్బతింటున్నాయి. నీళ్లు మానితే తగ్గే వాపు కాదిది. బిడ్డను వెంటనే తీయాలి" అంది డాక్టరమ్మ.

మెట్టెల కింద కమిలిన మంగతాయారు కాలివేళ్లు చూసి నర్సు ప్రమీల కట్టర్ తెచ్చింది.

"నా కొడుకు నిక్షేపంలా ఉండగా దాని మెట్టెలు కోస్తావా!"

"నీ కొడుక్కేం కాదు పెద్దమ్మా. ముందు కోడల్ని చూడు."

రత్తమ్మ కోడలి ముఖం చూసింది. కొంగు అంచులో ఒక పోగు లాగి, తన పసుపుతాడుకు రుద్ది, మంగతాయారు కాలివేలికి వదులుగా కట్టింది. "ఇప్పుడు కొయ్యి" అంది.

నేను తెగాను. నా జత కూడా తెగి మంచం కిందికి ఎగిరిపడింది. మళ్లీ కనిపించలేదు. నేను మాత్రం రత్తమ్మ కొంగుముడిలో చేరాను.

ఆడపిల్ల పుట్టింది, గుప్పెడంత. తల్లి మంచానికి వేలాడే మూత్రం సంచి మాత్రం ఖాళీగానే ఉంది. బిందె దాచిన మనిషి కొంగులోని నన్ను పిసుకుతూ ఆ సంచి ముందే కూర్చుంది. చుక్క పడితే చాలు, "ఇంకొక్కటి తల్లీ" అని బతిమాలేది.

"ప్రమీలమ్మా, సంచి నిండింది, రా!" అని చివరికి ఆమె పెట్టిన కేకకు వార్డంతా ఉలిక్కిపడింది.

"ఉచ్చకు ఇంత సంబరమా!" పక్కమంచం ఆమె నవ్వింది.

"అది ఉచ్చ కాదే, నా కోడలి ప్రాణం."

తల్లీబిడ్డలు ఇంటికొచ్చాక కంసాలి నన్ను అతుకుతానంటే రత్తమ్మ ఒప్పుకోలేదు. వీధిలో ఏ పిల్ల కడుపుతో ఉందని తెలిసినా వెళ్లి, ముడి విప్పి నన్ను చూపిస్తుంది. "బీపీ చూపించుకున్నావా? ఏదీ, నీ మెట్టె తిరుగుతోందా?" అని వంగి తనే తిప్పి చూస్తుంది.

తిరిగితే నాకు ఊరట. తిరగకపోతే రత్తమ్మ అప్పటికే చెప్పులు వేసుకుంటూ ఉంటుంది.