నోరున్న ఖాతా

లాయరమ్మ కొట్లో పాలపొడి డబ్బా ముందు పెట్టి కార్డు తాకించగానే మిషన్‌లోంచి వాళ్ళ పిన్ని గొంతు వచ్చింది.

"ఒక్క మనిషికి అంత డబ్బా ఎందుకే?"

"చిన్నది కొంటే ఇంకా ఖరీదు పడుతుంది పిన్నీ."

"ఆవిడ అడిగినదాంట్లో తప్పేముందమ్మా," అన్నాడు కొట్టాయన.

వెనక వరసలోవాళ్ళు ఓపిగ్గా నిలబడ్డారు. సంపాదించినవాళ్ళ గొంతు డబ్బుకి అంటుకుని ఉండడం ఎక్కడైనా ఉన్నదే. ఆమె వెనకున్న ముసలాయన్నయితే, ఆయన పెన్షన్ డబ్బు కుర్రతనంనాటి ఆయన గొంతుతోనే రోజూ గదమాయిస్తుంది.

లాయరమ్మ ఈ పరాయి దేశంలో చదివేది వంతెనలు కట్టే చదువు. నోటికి ఎదురు లేదని ఇంట్లో ఆ పేరు పెట్టారు. ఆమె ఖాతాలో నాలుగు గొంతులు. అక్కడ ఇంట్లో నలుగురు ఆడవాళ్ళు కలిసి బడిపిల్లల చొక్కాలు కుడతారు. గుడ్డ కత్తిరించేది అమ్మ, కాలర్లు పెద్దమ్మవి, కాజాలు పిన్నివి, ఇస్త్రీ పక్కింటి అత్తది. కూలి చేతికందిన వారమల్లా ఎవరి ఖాతా నుంచి వాళ్ళు కాస్త కాస్త పంపుతారు. అందరిదీ కలిపి ఒక్కరే పంపితే ఖర్చు తగ్గుతుందని లాయరమ్మ ఎన్నిసార్లు మొత్తుకున్నా, ఆ ఒక్క వాదనలో మాత్రం గెలవలేదు.

ఫీజుకి ఆఖరి రోజు పొద్దున కాలేజీ కౌంటర్లో కార్డు తాకించింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. సాయంత్రంలోగా కట్టకపోతే సీటు పోతుంది. ఉన్నపళంగా బ్యాంకుకి వెళ్ళింది.

"ఖాతా మేమే ఆపాం," అన్నాడు తనిఖీ అధికారి. "నాలుగు చోట్ల నుంచి, చిన్న చిన్న ముక్కలుగా వస్తోంది. దొంగ సొమ్ము తిప్పేవాళ్ళ పద్ధతి ఇదే. ఎక్కడిదో రుజువు కావాలి."

"మా ఇంటి ఆడవాళ్ళ కష్టార్జితమండి."

"అందరూ చెప్పేది అదే. కాగితాలు తెప్పించు, చూద్దాం."

"అవి వచ్చేసరికి నా సీటుకి తద్దినం పెట్టాలి." లాయరమ్మ కుర్చీ ముందుకు లాక్కుంది. "సాక్షిని గదిలో పెట్టి తాళం మీరే వేశారు. సాక్షి ఏదమ్మా అని నన్ను అడుగుతున్నారు. ఇదేం న్యాయం? ఒక్క టీ ఖరీదు మేరకి ఖాతా తెరవండి. నాది అబద్ధమైతే ఆ టీ మీరే తాగండి."

పక్క బల్ల దగ్గర గుమాస్తా నవ్వాపుకోడానికి దగ్గాడు. అధికారి ఆ మేరకి ఖాతా తెరిచే మీట నొక్కాడు.

"అబ్బ, ఊపిరాడక చచ్చాం," అంది పెద్దమ్మ గొంతు.

"ఈ డబ్బు ఎవరిది?" అన్నాడు అధికారి. డబ్బు మాట ఏ దేశంలోనైనా అర్థమవుతుంది.

"నాది," అంది పెద్దమ్మ.

"నీ ఒక్కదానిదేనా? కాజాలు కుట్టిందెవరు?" అంది పిన్ని.

"ఇస్త్రీ లేకపోతే ఆ నలిగిన గుడ్డలు ఎవడు కొంటాడట?" అంది అత్త.

"ఆగండే, పెద్దమనిషి ఏదో అడుగుతున్నాడు. అయ్యా, అసలు గుడ్డ కత్తిరించేది నేను," అంది అమ్మ.

"చూశారా, మళ్ళీ తనే ముందు!" అంది పిన్ని.

"సరే, విడివిడిగా ఎందుకు పంపుతున్నారు?" అన్నాడు అధికారి.

నువ్వు చెప్పంటే నువ్వు చెప్పని నాలుగు గొంతులూ ఒకదాన్నొకటి తోసుకున్నాయి. చివరికి అత్తే చెప్పింది. "ఒకరి పేరున పంపితే, పిల్ల వంతెన కట్టిన రోజున నేనే చదివించానని ఆవిడొక్కతే చెప్పుకోదూ?"

అధికారి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "దొంగ సొమ్ముని చాలా విన్నానమ్మా. అది ఇలా పోట్లాడుకోదు. పాఠం ఒప్పజెప్పినట్టు అందులో గొంతులన్నిటిదీ ఒకటే మాట." ఖాతా మొత్తం తెరిచేశాడు.

కాలేజీ కౌంటర్ మూసే వేళకి లాయరమ్మ రొప్పుతూ వచ్చి కార్డు తాకించింది. "పదండి పదండి, ఎవరూ వెనకబడకండి," అంటూ నలుగురూ కాలేజీ పెట్టెలోకి వెళ్ళిపోయారు. సీటు ఖాయమని ముద్ర పడింది. ఫీజుల గుమాస్తా కలం తీశాడు.

"రశీదులో కట్టినవాళ్ళ పేరు?"

"నలుగురివీ రాయండి."

"ఉన్నది ఒక్క గీతే."

"అక్షరాలు చిన్నవి చేయండి."

"బాగుంది. ముందెవరి పేరు రాయను?"

లాయరమ్మ సంచీ అందుకుంది. పుట్టి బుద్ధెరిగాక చేతికొచ్చిన వాదన వదులుకోవడం ఇదే మొదలు.

"ఆ ముక్క మీ పెట్టెనే అడగండి," అని, సంచీ భుజాన వేసుకుని మెట్లెక్కి తరగతికి పరిగెత్తింది.