కనకప్ప ట్రాక్టర్

బల్బు వెలుగుతూనే ఉంది. జంబన్న ట్రాక్టర్ ముందు చక్రం పక్కన గొంతుక్కూర్చుని, బల్బు మీద అరచెయ్యి అడ్డం పెట్టి మళ్లీ చూశాడు. బ్యాటరీ మైనస్ మొన నుంచి తీగ ఊడదీసి, ఆ రెంటి మధ్యా చిన్న బల్బు కలిపాడు. తాళంచెవి తీసి ఉంది, లైట్లన్నీ ఆపి ఉన్నాయి. బండిలో ఏదీ కరెంటు తాగకపోతే ఈ బల్బు వెలగకూడదు. కానీ దాని లోపలి పోగు సన్నగా, ఎర్రగా కనబడుతోంది. కంట్లో పొర అడ్డం వచ్చినప్పుడల్లా అతను తల పక్కకు వంచి చూడాల్సి వస్తోంది.

"దొరికిందా అన్నా?" గోడకు ఆనుకుని నిలబడ్డ సూగురేశ్ అడిగాడు.

"దొంగ ఉన్నడని తెలిసింది. యాడున్నడో సూడాలె."

సూగురేశ్ కనకప్ప తమ్ముడు. పొద్దున్నే యరమరస్ రోడ్డు మీది జంబన్న డబ్బా కొట్టుకు వచ్చి, చార్జింగ్ ఎక్కించిన బ్యాటరీతో పాటు అతన్నీ మోటార్ సైకిల్ మీద తమ ఊరు మట్మారి తీసుకొచ్చాడు. దారి పొడుగునా బ్యాటరీ జంబన్న తొడల మీదే ఉంది. దిగాక కాళ్లు తిమ్మిరెక్కి కాసేపు గోడ పట్టుకుని నిలబడ్డాడు. కొట్టు మూసి ఇంట్లో కూర్చోమని భార్య జయాబాయి ఎన్నాళ్లుగానో పోరుతోంది. అతనికీ కూర్చోవాలనే ఉంది. కనకప్ప బండి అనేసరికి మాత్రం రానని అనలేకపోయాడు.

కనకప్ప వసారాలో నులక మంచం మీద, రెండు దిండ్లకు చేరగిలబడి ఉన్నాడు. గుండె నీరసించింది. కాళ్లు నీరు పట్టి నిగనిగలాడుతున్నాయి. ఆసుపత్రిలో ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. కళ్లు మూసుకునే ఉన్నాడు గానీ మొహం ట్రాక్టర్ వైపే ఉంది. గాలి పీల్చినప్పుడల్లా పిల్లికూతలు వినబడుతున్నాయి.

వయసులో ఇద్దరూ ఒక్క చోటే పనిచేశారు. శక్తినగర్‌లో థర్మల్ ప్లాంటు కడుతున్న రోజుల్లో ఒకే గుత్తేదారు కింద కేబుళ్లు లాగారు. పక్కా నౌకరీ అవుతుందని అందరిలాగే ఆశపడ్డారు. పొగగొట్టాలు లేచాయి, దీపాలు వెలిగాయి, గుత్తేదారు మనుషుల్ని పంపేశాడు. కనకప్ప ఊరికొచ్చి సేద్యం పట్టుకున్నాడు, కొన్నేళ్లకు ఈ ట్రాక్టర్ తెచ్చాడు. జంబన్న తీగల్ని వదల్లేదు. లారీల కిందా ట్రాక్టర్ల కిందా వెల్లకిలా పడుకుని వైరింగ్ చేస్తూనే ముసలివాడయ్యాడు. రోడ్డు మీద అతన్ని పేరుపెట్టి పిలిచేవాళ్లు తక్కువ. "ఓ వైరింగాయనా" అంటారు. దానికే పలుకుతాడు.

సూగురేశ్ దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు. "దినాం పొద్దుగాల నలుగుర్ని పిల్సి నూకాలె. కొత్త బ్యాటరీ ఏస్తే గదీ పండుకునె. వాన పడి పదును ఆరిపోతుంది, పత్తి ఇత్తనాలు ఇంట్లనే ఉన్నయి. పరేషాన్ అయిపోయిన అన్నా. గబ్బూరు ఊరాయన సాయంత్రం బండి సూసెతందుకొస్తడు. నచ్చితే అమ్మేస్త."

గడపలో బియ్యం చెరుగుతున్న కనకప్ప భార్య హనుమమ్మ చేతులు ఆగాయి. భర్త మంచం పట్టినప్పటి నుంచి ఊళ్లోవాళ్ల చేలు దున్నిపెట్టి ఈ ట్రాక్టరే ఇల్లు నడుపుతోంది. ఆమె జంబన్న వైపు ఒకసారి చూసి మళ్లీ చేట ఎత్తింది.

జంబన్న ఫ్యూజులు ఒక్కొక్కటే పీకాడు. ఒకటి పీకడం, బల్బు చూడడం. హెడ్‌లైట్లది కాదు. హారన్‌ది కాదు. అన్నీ పీకినా బల్బు ఆరలేదు. ఇంజను పక్కకు వంగి, చార్జింగ్ ఇచ్చే డైనమో నుంచి వచ్చే లావు తీగ విప్పాడు. అయినా ఆరలేదు. నడుం పట్టేసింది. మట్టిలోనే కూలబడి, చక్రానికి తల ఆనించి కళ్లు మూసుకున్నాడు. చూపు సరిగా లేనివాడు ఇలాంటి పనికి ఒప్పుకోకూడదు. ఆ మాట ఇంట్లో ఎవరైనా అంటే కోపం వస్తుంది, తనకు తాను అనుకుంటే రాదు.

కాసేపటికి కళ్లు తెరవకుండానే చెయ్యి చాపి బ్యాటరీ ప్లస్ మొన తడిమాడు. స్టార్టర్ తీగ. స్విచ్చుల బోర్డుకు పోయే తీగ. వాటి కింద, గ్రీజు మట్టి పేరుకున్న చోట, సన్నటి మూడో తీగ తగిలింది. కంపెనీ వాళ్లది కాదు, ఎవరో తర్వాత చుట్టిందే. దాన్ని వేళ్లతో పట్టుకుని, బానెట్ కిందుగా, మడ్‌గార్డ్ అంచు వెంబడి పోనిస్తూ సీటు దాకా వెళ్లాడు. సీటు కింద రేకు పెట్టె. మూత ఎత్తి చెయ్యి పెట్టాడు. గోనెగుడ్డలో చుట్టిన రేడియో. పైన గోరువెచ్చగా ఉంది.

తీగ లాగేశాడు. బల్బు ఆరింది.

"వదినె, జర ఇటు రా." హనుమమ్మ వచ్చాక రేడియో చూపించాడు. "దీన్ని ఎవరు ముట్టిండ్రు?"

"ఆయన్ని దవాఖాన నుంచి తెచ్చిననాడు మోగుతుండె. సప్పుడుకు తల నొస్తుందన్నడు. తిప్పి బంద్ చేసిన."

"సప్పుడు తగ్గిచ్చినవ్ వదినె. టక్కుమనే దాంక తిప్పితేనే బంద్ అయితది. అప్పటిసంది లోపల నడుస్తనే ఉంది."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, ఇంత పరేషాని నాతోనేనా? బండి అమ్ముకునే దాంక తెస్తినా?"

"నీతోని గాదు." మాట వసారాలోంచి వచ్చింది. కనకప్ప కళ్లు తెరిచాడు. ఒక్కో మాటకీ గాలి కూడదీసుకుంటున్నాడు. "నేనే పెట్టిన ఆ వైరు. చేన్ల బండి బంద్ చేసినంక గూడ పాటలినాలని. తాళంచెవి దిక్కు పోనియ్యలే, సీదా బ్యాటరీకే కట్టిన."

"నన్ను అడిగితే ఏమైతుండె? సక్కగ పెడ్తుంటి గద," అన్నాడు జంబన్న.

"నువ్వు తిడ్తవని అడగలే."

కనకప్ప నవ్వబోయాడు. దగ్గొచ్చింది. హనుమమ్మ పరుగున వెళ్లి వీపు రాసింది.

జంబన్న ఫ్యూజులన్నీ తిరిగి పెట్టి, తీగలు బిగించి, సూగురేశ్‌ను సీటెక్కమన్నాడు. మొదటి తిప్పుకే ఇంజను అందుకుంది. పొగ ఒక్కసారి నల్లగా లేచి తర్వాత పలచబడింది. పక్కింటి కోళ్లు చెదిరిపోయాయి. సూగురేశ్ సీటు మీద నుంచే రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. విత్తే మనుషుల్ని రేపటికి పిలుస్తానంటూ దిగి ఊళ్లోకి పోయాడు.

"కొంచెం సేపు నడ్వనియ్యి," అన్నాడు కనకప్ప. బ్యాటరీకీ అదే మంచిది. జంబన్న చేతులు కిరసనాయిలు గుడ్డతో తుడుచుకుని వసారాలోకి వచ్చి, మంచం పక్క స్తంభానికి చేరగిలబడ్డాడు. ఇంజను చప్పుడు నేలలోంచి వీపులోకి తెలుస్తోంది. కాళ్లు చాపాక గానీ ఎంత అలిసిపోయాడో అతనికి అర్థం కాలేదు.

"జంబా, ఉన్నవా?"

జంబన్న ఉలిక్కిపడ్డాడు. ప్లాంటులో కేబుళ్లు లాగే సొరంగంలో కనకప్ప ముందుండేవాడు, తను వెనక. లోపల చిమ్మచీకటి. కాసేపటికోసారి కనకప్ప ఇలాగే వెనక్కి పిలిచేవాడు. జవాబు వింటేగానీ ముందుకు పాకేవాడు కాదు.

"ఉన్న," అన్నాడు జంబన్న. "ఈడనే ఉన్న."

కనకప్ప ఇంకేమీ అడగలేదు. హనుమమ్మ జొన్న అంబలి తెచ్చింది. ఉప్పు వద్దన్నారని రుచికి ఒక ఉల్లిపాయ ముక్క కూడా తెచ్చింది. భర్త కళ్లు మూసుకుని ఉండడం చూసి, "పండుకోనీ, శానా దినాలకు పండుకుండు" అని గొణిగి, గ్లాసు మీద మూత పెట్టి, ముక్క దాని మీదుంచి లోపలికి పోయింది. జంబన్నకూ కునుకు పట్టింది.

మెలకువ వచ్చేసరికి ఎండ వసారా అంచు దాకా వచ్చింది. డీజిలు దండగని లేచి వెళ్లి ఇంజను ఆపాడు. అంతసేపు మోగిన చెవులకు ఒక్కసారిగా నిశ్శబ్దం తగిలింది. అందులో పిల్లికూతలు లేవు. అతను గబగబా వచ్చి కనకప్ప పాదం ముట్టుకున్నాడు. చాలాసేపు చెయ్యి తియ్యలేదు. తర్వాత, "వదినె," అని పిలిచాడు. ఆ పిలుపులోనే ఆమెకు తెలిసింది.

ఏడుపు విని ఊరు వచ్చింది. సూగురేశ్ వచ్చి అన్న కాళ్ల దగ్గర కూలబడ్డాడు. అతని చొక్కా జేబులో ఫోను మోగింది, ఆగింది, మళ్లీ మోగింది. హనుమమ్మ తలెత్తింది.

"గబ్బూరాయనేనా?"

అతను తలూపాడు.

"అమ్మం అని చెప్పు. బండి మంచిగైందని చెప్పు."

సూగురేశ్ ఆ మాటే చెప్పాడు. తర్వాత, కబురంది రైలు స్టేషన్లో దిగిన చుట్టాల్ని తేవడానికి ట్రాక్టర్ ఎక్కాడు. తాళంచెవి తిప్పగానే అది కదిలి, సందు మలుపు తిరిగిపోయింది. మగవాళ్లు కనకప్పను వాకిట్లో పడుకోబెట్టారు, మంచం గోడకు నిలబెట్టారు. జంబన్న తన సంచీ సర్దుకున్నాక కూడా వెళ్లలేదు. స్తంభం దగ్గరే, ఇందాకటి చోటనే, మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు.

మంచం తీసేసిన చోట మూత పెట్టిన అంబలి గ్లాసు అలాగే ఉంది. దాని మీది ఉల్లిపాయ ముక్క అంచులు ఎండి, లోపలికి ముడుచుకుంటున్నాయి.