సూది పట్టని చేతికి వాటా లేదు

“ఇదిగోండి నంబరు, రాసుకోండి. తిట్టాలనుంటే ఈవిణ్ణి తిట్టండి, మా కంపెనీని కాదు.”

ఉప్పాడ ఇసుకలో వ్యాను మెట్టెక్కి, కంపెనీ మేనేజరు లోకనాథ్ ఒక ఆడమనిషి ఫోను నంబరు పదిమందిలో చదివాడు. జనం వెనకాల నిలబడి తబిత విన్నది. ఆ నంబరు తనదే. రెండు వారాలుగా ముక్కూమొహం తెలియనివాళ్లు ఫోన్‌చేసి బండబూతులు తిడుతున్నారు. అందరూ ఉప్పాడవాళ్లేనని తెలిసి, ఎందుకో తేల్చుకుందామని ధవళేశ్వరం నుంచి బస్సెక్కి వచ్చింది. తేలిపోయింది. ఛీ, మనిషన్నవాడు చేసే పనేనా అది!

తబిత బళ్లో లెక్కల టీచరు. నాలుగేళ్ల కిందట ‘కెరటం’ అనే సాఫ్ట్‌వేర్ లైబ్రరీ, అంటే ఎవరైనా తమ యాప్‌లో కలుపుకోగలిగే కోడ్, రాసింది. వాతావరణ శాఖవాళ్లిచ్చే లెక్కలు చదివి, గాలి తిరగబోయే ముందు వేటకెళ్లేవాళ్లను తెలుగులో హెచ్చరిస్తుంది. ఎవరైనా ఊరికే తీసుకోవచ్చని నెట్‌లో పెట్టేసింది. కొందరు ఫోన్లలో వాడుకున్నారు. ఈ కంపెనీ దాన్ని ఓ డబ్బాలో దూర్చి, పైన తన పేరు అతికించి, పడవలకు అమ్మింది. డబ్బాలో పలికే గొంతు కూడా తబితదే. కృతజ్ఞత ఒక్క ముక్క లేదు. వచ్చే మెయిళ్లన్నీ ‘అర్జెంట్, సాయంత్రంలోగా సరిచేయండి’ అనే. రెండొందలమంది ఇంజనీర్లను కూర్చోబెట్టుకున్న కంపెనీ, పిల్లలకు క్యారేజీలు కట్టి పరుగున బస్సందుకునే మనిషికి వేసే హుకుం అది. సిగ్గుండాలి.

మార్చి నెలాఖరున ఆ లెక్కలు వచ్చే తీరు మారింది. కెరటం వాటిని చదవలేక మూగబోయింది. తబిత అప్పుడు పదో తరగతి పేపర్లు దిద్దుతోంది. డబ్బా పలకలేదంటే గాలి లేదనుకుని ఉప్పాడ కుర్రాడు దుర్గాసాయి వేటకెళ్లాడు. పడవ తిరగబడి కుడిచెయ్యి రెండుచోట్ల విరిగింది.

“ఆ నంబరు నాదేనండి,” అని తబిత ముందుకొచ్చింది.

దుర్గాసాయి తండ్రి బుల్లియ్య మీదిమీదికొచ్చాడు. “నువ్వేనా తల్లీ! మావోడి చెయ్యి చూశావా? ఒప్పుకున్న పని సరిగ్గా చెయ్యక్కర్లేదా?”

“నన్నెవరూ పనిలో పెట్టుకోలేదండి. ఊరికే చేస్తున్నాను. ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఓ గంట దొరికితే కూర్చుంటాను.”

“అంతా ఒక్కదానివేనా?”

“ఒక్కదాన్నేనండి.”

జనం లోకనాథ్ వైపు తిరిగారు. వాడు తొణకలేదు. సంచీలోంచి కాగితాలు తీశాడు. “పాపం, మేడమ్‌కి టైమ్ లేదండి. ఇక్కడో సంతకం పెట్టేస్తే కెరటం పేరూ హక్కులూ అన్నీ మా కంపెనీయే చూసుకుంటుంది.”

“మరి ఫోన్లలో ఊరికే వాడుకునేవాళ్లు?” అని తబిత అడిగింది.

“వాళ్ల సంగతి తర్వాత చూద్దామండి.”

ఆ ‘తర్వాత’ అంటే డబ్బు కట్టందే వాళ్లకు దొరకదనేనని తబితకు తెలుసు. అయినా పెన్ను అందుకుంది. అంత విసిగిపోయింది మరి.

“ఆగమ్మా!”

చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారు రెండు నెలలు వేట ఆపించే నిషేధం రోజులు. వలలన్నీ ఒడ్డున పరిచి ఉన్నాయి. వాటి మధ్యనుంచి పెద్దింట్లమ్మ వల కుట్టే సూది పట్టుకునే లేచొచ్చింది. డెబ్బై ఏళ్ల మనిషి, నోరు మాత్రం ఇరవయ్యేళ్లది.

“మా వల తెగితే ఎవరు కుడతారో తెలుసా? అందులో వాటా తిన్న ప్రతోడూ. కూర్చోనోడికి మళ్లీ వేటలో వాటా లేదు. నీ వలలో ఊరంతా తిన్నాం కదే, సూది పట్టమని మమ్మల్ని ఒక్కనాడైనా అడిగావా?”

తబిత కాగితం మీదనుంచి పెన్ను ఎత్తింది. అడగలేదు, నిజమే. అడిగితే చులకనైపోతానని అన్నీ నెత్తినేసుకుంది.

“చదువురానోళ్లం, కంప్యూటర్లో ఏం కుడతామే?” అన్నాడు బుల్లియ్య.

“కోడ్ నేర్చుకుని మా క్లాసువాళ్లం చూస్తాం బాబాయ్,” అంది పాలిటెక్నిక్ చదివే ఉషారాణి.

కట్టుచేత్తో దుర్గాసాయి ముందుకొచ్చాడు. “మొదట ఒకటి రాయండి టీచరుగారూ. లెక్క అందకపోతే అది నోరు మూసుకోకూడదు. ‘నాకు తెలీదు, వెళ్లకండి’ అని అరవాలి.”

ఇంత చిన్న మాట ఇన్నేళ్లలో తనకు తట్టనందుకు తబిత తలదించుకుంది. తర్వాత తలెత్తి, పెన్ను లోకనాథ్ జేబులో పెట్టేసింది.

రెండు నెలలు ప్రతి ఆదివారం ఉప్పాడలో కూర్చున్నారు. తిట్టుకున్నారు, అలిగారు, మళ్లీ వచ్చారు. పిల్లలు కోడ్ సరిచేశారు. పెద్దలు ఒడ్డున నిలబడి, అది చెప్పిన గాలికీ వీచిన గాలికీ తేడా చెప్పారు. వేట తెరిచే వారానికి కొత్త కెరటం సిద్ధమైంది. దాని మీద కొత్త షరతు ఒకటి రాశారు: కెరటంలో మార్పులు చేసి వాడుకునేవాళ్లు ఆ మార్పుల్ని అందరికీ ఇచ్చి తీరాలి.

లోకనాథ్ మళ్లీ దిగాడు. “మా కోడ్ ఊళ్లోవాళ్లకు చూపించాలా? కుదరదండి.”

“అయితే పాతదే వాడుకో బాబూ,” అని పెద్దింట్లమ్మ సూది చాపింది. “లేదా కూర్చో.”

వాడు కూర్చోలేదు. ఊరివాళ్లు కొత్త కెరటాన్ని ఫోన్లలో పెట్టుకుని, పడవల మీది డబ్బాలన్నీ ఊడబీకి వాడి వ్యాన్లో పడేశారు. వాడు తిన్నగా పోలీసు స్టేషన్‌కి పోయి, తమ డబ్బాలను తబిత కావాలనే చెడగొట్టిందని ఫిర్యాదు ఇచ్చాడు.

మర్నాడు పిలిస్తే తబిత వెళ్లింది. గేటు దగ్గరే ఆగిపోయింది. ఉప్పాడ అప్పటికే అక్కడుంది.

“ఫిర్యాదు ఒక్కావిడ మీదే. మిగతావాళ్లు వెళ్లిపోండి,” అన్నాడు కానిస్టేబుల్.

“పని నలభైముగ్గురిది బాబూ. ఒక్కదాన్నెలా పిలుస్తావ్?” అంది పెద్దింట్లమ్మ.

ఉషారాణి ఫోన్లో కెరటం తెరిచి, పనిచేసినవాళ్లవని అందులో రాసిపెట్టిన పేర్లు ఒక్కొక్కటే గట్టిగా చదివింది. పేరు విన్నవాళ్లు విన్నట్టు స్టేషన్ ముందే కూర్చున్నారు. బుల్లియ్య భుజాన తెచ్చిన తెగిన వల విప్పి నేల మీద పరిచాడు. తబిత వచ్చి అంచున కూర్చుంది. పెద్దింట్లమ్మ ఆవిడ చేతికి సూది ఇచ్చింది.