సుయున్ పంపిన పొడుపుకథ

ఆ పొద్దున కనుమ వైపు ఆకాశం కనిపించలేదు. ఊరి మీద మాత్రం ఉతికి ఉతికి వెలిసిన గుడ్డలాంటి పలచని నీలం. కనుమ దగ్గర మబ్బు కిందికి దిగి కూర్చుంది. అక్కడ మంచు పడుతోందని చూడగానే తెలుస్తుంది. గాలి లేదు. ఇళ్ల పొగ నిట్టనిలువుగా లేచి, కొంత ఎత్తు దాకా వెళ్లి, అక్కడ ఆగిపోయింది.

బడి మెట్ల దగ్గర బూట్లకంటిన మంచు దులుపుకుంటుంటే సాయ్‌రాగుల్ ఎజె వచ్చింది. ఎజె అంటే అక్క, పంతులమ్మలందరినీ మేం అలాగే పిలుస్తాం. రెండో తరగతి ఆవిడది. ఇరవై తొమ్మిదేళ్లుగా అదే గదిలో పాఠం చెబుతోంది. నరీన్ పట్నంలో పంతులు శిక్షణ చదువుతున్న నన్ను రెండు నెలల సాధనకి ఆవిడ దగ్గరికి పంపారు. మొదటి రోజు నన్ను ఎగాదిగా చూసి, "చిన్నపిల్లల తరగతికి మగపంతులా! ముక్కులు తుడవడం వచ్చా నాయనా?" అని నవ్వింది. అప్పటి నుంచి నేను ముక్కుల పంతులునే.

ఆ రోజు అలా పిలవలేదు.

"రిస్కెల్దీ, ఇటు రా," అని బొగ్గు కొట్టం వెనక్కి తీసుకెళ్లింది. "సుయున్ పోయాడు."

"ఏ సుయున్?" అన్నాను. తెలిసే అడిగాను.

"అయ్‌జిరెక్ వాళ్ల నాన్న. నిన్న. రష్యాలో పనిచేస్తున్న మేడ మీంచి పడ్డాడట. పెళ్లాం అక్కడే ఉంది. పక్కన పనిచేసే మనూరివాడొకడు మన పెద్దాయన కసిమాలీ ఆతాకి ఫోన్ చేసి చెప్పాడు."

"పాపకి?"

"పాపకీ తెలీదు, నానమ్మ బురుల్చాకీ తెలీదు. బురుల్చా వాళ్ల అన్న కనుమ అవతలి నుంచి రావాలి. పుట్టింటివాళ్లు పక్కన లేకుండా ముసలామెకి ఎట్లా చెబుతారు? ఆయన వచ్చాక పెద్దలంతా వెళ్లి కూర్చుంటారు."

ఆవిడ కనుమ వైపు చూసింది. నేనూ చూశాను.

"మధ్యాహ్నం అవుతుందేమో. అందాకా పిల్ల ఎప్పట్లాగే బళ్లో ఉండాలన్నాడు ఆతా. ముందే ఇంటికి పంపితే ముసలామె కనిపెట్టేస్తుంది. ఆవిడ ఫోన్ కూడా పక్కింటి కోడలు అబద్ధం చెప్పి ఒక పూటకి అడిగి పట్టుకుపోయింది."

మా వైపు చావు కబురు ఎవరు పడితే వాళ్లు చెప్పరు. చెప్పవలసినవాళ్లు చెప్పేదాకా ఊరు ఊరంతా మామూలుగా తిరుగుతుంది. ఆవులకి మేత వేస్తుంది. పిల్లల్ని బడికి పంపుతుంది. నా చిన్నప్పుడు మా ఇంట్లోనూ ఒక పూట అలాగే గడిచింది.

"మరి నా పాఠం?" అన్నాను.

"అదే చెబుతున్నా. నీ పాఠం ఏంటో నాకు తెలుసు కదా."

ఆ రోజు నా పరీక్ష పాఠం. చూడడానికి జిల్లా ఆఫీసు నుంచి పరిశీలకురాలు వస్తోంది. ఫోన్లు, కంప్యూటర్లు చిన్న తరగతుల్లో ఎలా వాడాలో మాకు శిక్షణలో చెప్పారు. నేను ఫోన్లో ఒక ఆట తయారుచేశాను. ప్రొజెక్టర్ వేస్తే గోడ మీద పంతొమ్మిది గుడారాలు కనిపిస్తాయి. ఒక్కో గుడారం ఒక్కో పిల్లది. నొక్కితే ఆ పిల్ల అమ్మో నాన్నో మాట్లాడి ఒక పొడుపుకథ వేస్తారు. పిల్ల విప్పాలి. విప్పిన జవాబు అక్కడికక్కడే రికార్డయి వాళ్లకి వెళుతుంది. తరగతిలో పదకొండుమంది పిల్లల పెద్దవాళ్లు ఊళ్లో లేరు. అందుకే ఈ ఆట అనుకున్నాను. వారం కిందట అందరికీ కబురు పెడితే మొట్టమొదట గొంతు పంపినవాడు సుయున్.

"ఆ గొంతు తీసేయ్," అంది ఎజె.

"తీసేస్తే ఆ పిల్ల అడగదా? వారం నుంచీ అందరికీ చెప్పుకుంటోంది."

ఆవిడ తలగుడ్డ విప్పి మళ్లీ కట్టుకుంది.

"ఏం చేస్తావో నాకు తెలీదు. ఆ పిల్ల ఇది నీ గోడ మీంచి తెలుసుకోకూడదు. అంతే."

గదిలోకి వెళ్లగానే ముందు ఫోన్లో నెట్ ఆపేశాను. తల్లిదండ్రుల గ్రూపులో అప్పటికే ముగ్గురు సంతాపం పెట్టారు. పాఠం మధ్యలో నాలుగోది వస్తే గోడ మీద, గుడారాల పైన పెద్ద అక్షరాలతో పడుతుంది. తర్వాత కిటికీ తెరలు వేశాను. బొమ్మ బాగా కనపడాలని పిల్లలకి చెప్పాను. కిటికీలోంచి అయ్‌జిరెక్ వాళ్ల వీధి కనిపిస్తుంది. మగవాళ్లు ఒక్కొక్కరే ఆ వైపు నడిచి వెళుతున్నారు.

అయ్‌జిరెక్ ముందు బెంచీలో ఉంది. రెండు జడలకీ తెల్ల రిబ్బన్లు పువ్వుల్లా కట్టుకుంది. మామూలు రోజుల్లో ఒక జడకి ఉంటే రెండో జడకి ఉండదు.

"అగాయ్, నాది అందరికంటే కష్టమైంది," అంది. మగపంతుల్ని పిల్లలు అగాయ్ అంటారు. "నాన్న ఫోన్లో చెప్పాడు. ఏంటో మాత్రం చెప్పలేదు."

వెనక బెంచీ నుంచి నుర్జిదా లేచింది. "అగాయ్, అగాయ్! పొద్దున మా పెద్ద డేగిసా ఎవరో పట్టుకెళ్లారు. ఎక్కడో విందు ఉంది!"

"ఎవరింట్లోనే?" అంది అయ్‌జిరెక్.

"మీ వీధిలోనే."

"అయితే నాకు పిలుపుంటుంది. నీకు ఉండదు."

"డేగిసా మాదే! నాకెందుకుండదు?"

పిల్లలు నవ్వారు. వెనక గోడ దగ్గర కూర్చున్న సాయ్‌రాగుల్ ఎజె, "నుర్జిదా, నోరు మూసి చెవులు తెరువు," అంది. గొంతు మామూలుగానే ఉంది. ఆవిడకి ఇరవై తొమ్మిదేళ్ల అలవాటు.

అప్పుడే పరిశీలకురాలు వచ్చింది. పేరు మైరమ్‌కాన్. టోపీ మీద మంచు ఉంది. పిల్లల బెంచీలో మోకాళ్లు ఇరికించుకుని కూర్చుని, నోటుపుస్తకం తెరిచి, "కానివ్వండి," అంది.

మొదలుపెట్టాను. మొదటి గుడారంలో ఒక తల్లి కుట్టుమిషన్ల చప్పుడు మధ్య నుంచి మాట్లాడింది. రెండో గుడారంలో ఒక నాన్న పొడుపుకథా చెప్పి జవాబూ చెప్పేశాడు. గది గొల్లున నవ్వింది. అయ్‌జిరెక్ గుడారం ఆరోది. ఒక్కోదానికీ ఎక్కువసేపు పట్టించాను. జవాబు పలకల మీద రాయమన్నాను. బొమ్మ వేయమన్నాను. వేసిన బొమ్మలు ఒక్కొక్కటీ ఎత్తి చూపించాను. గంట ముందే కొడితే బాగుండునని గడియారం చూశాను. ఇంకా ఇరవై నిమిషాలుంది.

"కొంచెం త్వరగా నడపండి," అంది మైరమ్‌కాన్ వెనక నుంచి.

"తర్వాత నాదే," అంది అయ్‌జిరెక్. చేతులు రెండూ బెంచీ మీద పెట్టుకుని, ఫోటోకి కూర్చున్నట్టు కూర్చుంది.

నా వేలు ఫోన్ మీద ఉంది. ఏమీ అనిపించలేదు. వేలు చల్లగా ఉందని మాత్రం తెలిసింది. నొక్కాను.

ముందు ఏదో యంత్రం తిరుగుతున్న మోత. తర్వాత సుయున్. "అయ్‌జిరెక్! వినపడుతోందా? ఏయ్, ఒక్క నిమిషం దాన్ని ఆపండ్రా, మా అమ్మాయికి పరీక్ష ఇక్కడ!" ఎవరో నవ్వారు. మోత ఆగింది. "ఆ, విను. పొద్దున నాలుగు బకెట్లు తాగుతుంది. రోజంతా నములుతూనే ఉంటుంది, ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడదు. సాయంత్రం ఒకే ఒక్క బకెట్ తిరిగిస్తుంది. ఎవరది? నానమ్మని అడిగితే మాత్రం ఒప్పుకోను."

"మా తాత!" అని ఒకడు అరిచాడు. "మా తాత రోజంతా నములుతూనే ఉంటాడు!"

"మీ తాత బకెట్‌తో ఏమిస్తాడ్రా?" అన్నాడు పక్కవాడు.

గది అంతా పడి పడి నవ్వింది. అయ్‌జిరెక్ నవ్వలేదు. అందరూ ఆగేదాకా ఆగి, లేచి నిలబడి, "ఆవు," అంది. "మా ఆవే. దాన్ని చూసే కట్టాడు."

"భలే ఉందే!" అంది మైరమ్‌కాన్. "ఇంత హుషారైన నాన్న ఈ గదిలో ఇంకొకరు లేరు. రిస్కెల్దీ, అది మళ్లీ పెట్టండి. నవ్వుల్లో సగం వినపడలేదు. ఈసారి పిల్లల్ని కళ్లు మూసుకుని వినమనండి."

నేను సాయ్‌రాగుల్ ఎజె వైపు చూశాను. ఆవిడ నేల వైపు చూస్తోంది.

"కళ్లు మూసుకోండి," అన్నాను.

పంతొమ్మిదిమందీ మూసుకున్నారు. మైరమ్‌కాన్ కూడా మూసుకుంది. అయ్‌జిరెక్ గట్టిగా, ముక్కు ముడతలు పడేలా మూసుకుంది. మళ్లీ యంత్రం మోత. మళ్లీ ఆ పిలుపు. మళ్లీ ఎవరో నవ్వడం. ఈసారి గదిలో ఎవరూ నవ్వలేదు. పొయ్యిలో బొగ్గు కూలిన చప్పుడు కూడా వినపడింది.

తర్వాత జవాబు రికార్డు చేయాలి. ఫోన్ ఆమె నోటి దగ్గర పట్టుకున్నాను.

"నాన్నా, ఆవు!" అంది. "కానీ నువ్వు మోసం చేశావు. మన ఆవు మూడు బకెట్లే తాగుతుంది. వచ్చి లెక్కపెట్టుకో."

పంపమన్నట్టు నా వైపు చూసింది. పంపే గుర్తు నొక్కాను. పక్కన చిన్న గడియారం బొమ్మ పడి అక్కడే నిలిచిపోయింది. గోడ మీద అందరికీ కనిపిస్తోంది.

"పోయిందా, అగాయ్?"

"పోతుంది."

"ముందు ఐదుగురివీ పోలేదు, ఇదీ పోలేదు," అంది మైరమ్‌కాన్. "నెట్ లేదా?"

"సిగ్నల్ లేదండి."

ఆవిడ తన ఫోన్ ఎత్తి చూపించింది. "నాకు నాలుగు గీతలున్నాయే!"

పిల్లలు నవ్వారు. "ఆన్ చేయండి అగాయ్," అంది అయ్‌జిరెక్. "నాన్న ఇప్పుడు టీకి దిగుతాడు. వెంటనే వింటాడు."

"ఫోన్ వేడెక్కింది," అన్నాను. "తర్వాత."

"జవాబు వాళ్లకి చేరడమే కదా మీ పాఠంలో అసలు సంగతి," అంది మైరమ్‌కాన్. తల వంచి నోటుపుస్తకంలో చాలాసేపు రాసింది.

గంట కొట్టాక పిల్లలు బయటికి పరుగెత్తారు. ఆవిడ నా దగ్గరికి వచ్చి, "మంచి పాఠం. చేతులారా సగంలో ఆపేశారు. కారణం రాయాలి, చెప్పండి," అంది. సాయ్‌రాగుల్ ఎజె తలుపు మూసి మూడు మాటల్లో చెప్పింది.

మైరమ్‌కాన్ కలం మూత పెట్టింది. "రెండోసారి నేనే పెట్టించాను," అంది. చావింటికి వెళ్లేవాళ్లలా సంచీలోంచి తలగుడ్డ తీసి, టోపీ తీసేసి, కట్టుకుంది.

పన్నెండున్నరకి కసిమాలీ ఆతా బడి గేటు దగ్గరికి వచ్చాడు. నేను అద్దెకుండేది ఆయన ఇంట్లోనే. "బురుల్చా అన్న వచ్చాడు. మంచులో కారు రెండు గంటలు ఆగిపోయిందట," అన్నాడు. "పిల్లని తీసుకురా. దారిలో ఏమీ అనకు."

అయ్‌జిరెక్ నా పక్కన నడిచింది. సంచీ నేను పట్టుకున్నాను. "విందుకేనా? నుర్జిదాని పిలవలేదుగా?" అంది. మా బూట్ల కింద మంచు కరకరలాడుతోంది.

వీధి మలుపు తిరిగాం. వాళ్ల ఇంటి ముందు మగవాళ్లు వరసగా నిలబడి ఉన్నారు. చేతులు ముందుకు కట్టుకుని, ఒకరితో ఒకరు మాట్లాడకుండా. మా పిల్లలు ఆ వరసని వేరే చావిళ్ల ముందు చూసే ఉంటారు. ఆమె ఆగిపోయింది. అమ్మమ్మల వయసు ఆడవాళ్లు లోపలికి వెళుతుంటే చూసింది.

"నానమ్మా?" అంది.

నేను తల అడ్డంగా ఊపాను. ఊపకుండా ఉండాల్సింది.

ఆమె కాసేపు నిలబడింది. "మీకు తెలుసా, అగాయ్?"

"తెలుసు."

"పొద్దుటి నుంచీనా?"

"పొద్దుటి నుంచీ."

సంచీ నా చేతిలోంచి తీసుకుంది. తనే లోపలికి నడిచింది. నేను వరస చివర నిలబడ్డాను. లోపల నుంచి ఆతా గొంతు సన్నగా వినపడింది. ఎక్కడో దూరం నుంచి మొదలుపెట్టి, బురుల్చా చిన్నతనం నుంచి, ఆమె కొడుకుని కన్న ఏడాది నుంచి చెప్పుకొస్తున్నాడు. తర్వాత ఆగాడు. ఆ తర్వాత ఆడవాళ్ల ఏడుపు లేచింది. అందులో చిన్న గొంతు ఉందా అని విన్నాను. లేదు.

చావు జరిగిన ఇంట్లో మూడు రోజులు పొయ్యి వెలిగించరు. ఇరుగుపొరుగే తిండి పెడతారు. పొద్దు వాలుతుండగా ఆతా కోడలు అయ్‌జిరెక్‌ని చెయ్యి పట్టుకుని మా ఇంటికి తీసుకొచ్చింది. పిల్ల పొద్దుటి నుంచీ ఏమీ తినలేదంది. నేల మీద గుడ్డ పరిచి ఉంది. ఆతా, కనుమ దాటి వచ్చిన పెద్దాయన, సాయ్‌రాగుల్ ఎజె, దారి మూసుకుపోయి వెళ్లలేకపోయిన మైరమ్‌కాన్, నేను కూర్చుని ఉన్నాం. నా పక్కనే ఖాళీ ఉంది. ఆమె ఆ చోటు చూసింది, మిగతా వాళ్లని చూసింది, వచ్చి అక్కడే కూర్చుంది. రిబ్బన్లు ఎవరో తీసేశారు.

కోడలు షోర్పో, గొర్రెమాంసం చారు, గిన్నెల్లో పోసి ముందు పెట్టింది. ఆతా రొట్టె విరిచి అందరి ముందూ తలా ఒక ముక్క ఉంచాడు. అయ్‌జిరెక్ చెంచాతో ముందు బంగాళాదుంప తీసి ఊది తింది. తర్వాత రొట్టె నంచుకుంది. మాంసం ముక్కకి ఎముక అంటుకుని రాకపోతే నేను చాకుతో విడదీసి ఆమె గిన్నెలో వేశాను. ఆమె నా వైపు చూడలేదు. ముక్క మాత్రం తింది. నేనూ నా గిన్నె దగ్గరికి జరుపుకుని తిన్నాను.